మోకాళ్ళు లేని పండితుడూ, మా నాన్న తప్పెటా

మా ఇంట్లో అన్నాల దగ్గర తరచుగా ఒక చైనా పండితుడి మాట వస్తుంటుంది. ఆయన పోయి రెండు వేల ఏళ్ళు దాటింది. అయినా మా అమ్మ కూరలవాడితో బేరం తెగక వెనక్కి వచ్చేసిందనుకోండి, "నీ సైనావోడు ఇలాటప్పుడు ఏటి సెయ్యమన్నాడో అడుగు" అని మా నాన్న నన్ను ఆటపట్టిస్తాడు. ఆయన్ని ఇంటికి తెచ్చింది నేనే కాబట్టి ఆ మాటలు పడాలి. పడతాను. తెచ్చినందుకు ఒక్కనాడూ చింతించలేదు.

నేను తెలుగు నేలకి దూరంగా, హిందీ మాట్లాడే గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూస్తాను. ఏ లారీ ముందు కదలాలి, ఏ సరుకు రేపటిదాకా ఆగినా కొంప మునగదు, ఏ డ్రైవరుకి టీ తాగించి కాసేపు కూర్చోబెట్టాలి, ఇదే నా పని. ఈ పనిలో నన్ను మించినవాళ్ళు మా గేటు లోపల లేరు. గొప్పకి చెప్పడం లేదు, అడిగితే వాళ్ళే చెప్తారు. అలాంటి నన్ను ఒకసారి పదిమందితో పాటు ఒక గదిలో కూర్చోబెట్టి శిక్షణ ఇప్పించారు. బయటి నుంచి ఒకాయన వచ్చాడు. మెరిసే బూట్లు, సగం హిందీ, సగం ఇంగ్లీషు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రాచీన చైనా యుద్ధనీతి గురించి మొదలుపెట్టాడు. సగం మంది కునుకు తీశారు. నాకు మాత్రం నిద్ర ఎగిరిపోయింది.

యుద్ధవిద్య గురించి చెప్పిన ఒక పెద్దాయన ఉన్నాడని లోకమంతటికీ తెలుసు. నన్ను పట్టుకున్నది ఆయన కాదు, ఆయన వంశంలోనే తర్వాత పుట్టాడని చెప్పే ఇంకొకాయన. పేరు రాయను. ఈ రాతలో ఎవరి పేరూ రాయకూడదని ముందే అనుకున్నాను, పాతకాలపు వాడని ఆయనకి మాత్రం మినహాయింపు ఎందుకు.

ఆయనా మరొకడూ ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. ఆ రెండోవాడు ముందే ఒక రాజు దగ్గర సేనాపతి అయ్యాడు. తోటివాడు తనకంటే తెలివైనవాడని వాడికి తెలుసు. ప్రేమగా పిలిపించుకున్నాడు, లేని నేరం మోపాడు, మోకాలి చిప్పలు తీయించాడు. ముఖం మీద దొంగకి వేసినట్టు పచ్చబొట్టు పొడిపించాడు. ఇక వీడు నలుగురిలోకీ రాలేడు, గుర్రం ఎక్కలేడు, పీడ విరగడైందనుకున్నాడు. ఈయన పిచ్చివాడిలా నటించి బతికాడు. పక్క రాజ్యం దూత వస్తే ఆయన బండిలో దాక్కుని పారిపోయాడు. ఆ రాజ్యంలో ఒక సేనాపతి ఇంట్లో అతిథిగా ఉంటూ, గుర్రప్పందాల్లో ఆయనకి ఒక ఉపాయం చెప్పి గెలిపించాడు. ఆ ఉపాయం ఎవరిదో రాజు చెవిన పడింది. సేనాపతి పదవి ఇస్తానంటే ఈయన వద్దన్నాడు. శిక్ష పడినవాడిని నేను, నాకు తగదన్నాడు. ముసుగు వేసిన బండిలో కూర్చుని దారి చెప్తూ ఉంటానన్నాడు.

బండిలో కూర్చునే యుద్ధాలు నడిపాడు. మిత్రుడి నగరాన్ని శత్రువు ముట్టడిస్తే అక్కడికి వెళ్ళి తలపడలేదు, ఖాళీగా ఉన్న శత్రువు రాజధాని మీదికి సైన్యాన్ని నడిపించాడు. శత్రువు పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తాడు, ముట్టడి దానంతటదే విడిపోయింది. ఇంకోసారి రోజురోజుకీ వంటపొయ్యిలు తగ్గిస్తూ పోయాడు. వెంటపడి వస్తున్న పాత స్నేహితుడు పొయ్యిలు లెక్కపెట్టుకుని, వీళ్ళ సైన్యం సగం పారిపోయిందని మురిసిపోయి, ఇరుకు లోయలోకి దూరి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈయన చెప్పిన మాటలు వెదురుబద్దల మీద రాసి ఉన్నాయట. అవి ఏనాడో మాయమై, మళ్ళీ మన కాలంలోనే ఒక పాత సమాధిలో దొరికాయట. బద్దలు దొరక్కముందు కూడా ఆ గుర్రాల ఉపాయం, అదేమిటో ముందు ముందు చెప్తాను, ఎక్కడా ఆగలేదు. ఆటల జట్టుని ఏ వరసలో దింపాలో ఆలోచించేవాడూ, ఎదుటి దుకాణానికి పోటీగా ఏ సరుకు ముందు పెట్టాలో ఆలోచించేవాడూ తెలిసో తెలియకో ఆయన దగ్గర అప్పు తెచ్చుకున్నట్టే. నేను లారీలతో చేసేదీ అదే. ఆ గదిలో నాకు కలిగినది ఆశ్చర్యం కాదు, ఎవరో పెద్దాయన వచ్చి నా భుజం తట్టినట్టనిపించింది.

కానీ ఇంటికి వస్తూ బస్సులో నేను ఆలోచించింది లారీల గురించి కాదు, మోకాళ్ళ గురించి.

మా నాన్నది తప్పెటగుళ్ళ జట్టు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. గుండె మీద గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, పాడుతూ రెండు చేతులతో వాయిస్తూ ఎగిరే ఆట అది. మా శ్రీకాకుళం వైపు ఆట. నాన్న రోలింగ్ మిల్లులో పనికి చేరడానికి ఈ ఉక్కు ఊరికి వచ్చినప్పుడు ట్రంకు పెట్టెలో బట్టల కింద తప్పెట పెట్టుకొచ్చాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ షిఫ్టు దిగాక సాధన చేశాడు, రిటైరయ్యాక ఇక అడ్డే లేదు. కద్మాలో మా ఇంటి ముందు ఖాళీ జాగాలో మగవాళ్ళంతా చేరి ఎగురుతుంటే కిటికీ అద్దాలు గలగలమనేవి. పక్కింటి బిహారీ ఆవిడ మొదట తిట్టేది, తర్వాత కుర్చీ తెచ్చుకుని కూర్చునేది.

నాన్నకి ఒక తోటి శిష్యుడున్నాడు. ఒకే ఊరు, ఒకే గురువు, ఒకే రైలులో వచ్చారు. నేను చిన్నాన్న అని పిలుస్తాను. మొదట ఇద్దరిదీ ఒకే జట్టు. పాట ఎవరు ఎత్తుకోవాలన్న దగ్గర మాటామాటా పెరిగి, ఆయన ఖర్కాయి నది దాటి అవతల ఆదిత్యపూర్‌లో వేరే జట్టు పెట్టుకున్నాడు. పలకరింపులు మానలేదు, పంతం మాత్రం నిలబడిపోయింది. ఏటా అమ్మవారి సంబరంలో రెండు జట్లూ ఎదురెదురుగా ఆడతాయి. మూడు ఆటలు. పెద్దకి ఎదురు పెద్ద, రెండోవాడికి ఎదురు రెండోవాడు, మూడోవాడికి ఎదురు మూడోవాడు నిలబడి తమ వరసని నడిపిస్తారు. రెండు ఆటలు గెలిచిన జట్టుకి మరుసటి ఏడాది అమ్మవారి ముందు మొదటి ఆట. ఆ మొదటి ఆట ఎప్పుడూ మాదే. చిన్నాన్న మా నాన్న మీద ఒక్కసారీ గెలవలేదు.

ఆ ఏడు నాన్న మోకాళ్ళు మొరాయించాయి. లోపల గుజ్జు అరిగిపోయిందన్నాడు డాక్టరు. నడవచ్చు, నిలబడచ్చు, ఎగరకూడదు. ఎగిరి దిగేటప్పుడు ఒక్కసారి మెలిక పడితే మళ్ళీ నడక ఉండదని నా ఎదుటే చెప్పాడు. నాన్న బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి గజ్జెలకి చింతపండు రాసి తోమడం మొదలుపెట్టాడు.

"ఏటిది?" అంది అమ్మ.

"సంబరం వత్తంది గదా" అన్నాడు నాన్న.

అమ్మ ఏడ్చింది, అన్నయ్య కోప్పడ్డాడు. అన్నయ్య కొడుకు, ఇప్పుడు జట్టులో అందరికంటే బాగా ఎగిరేది వాడే, "తాతా, ఆప్ బైఠియే న, హమ్ సంభాల్ లేంగే" అన్నాడు, మీరు కూర్చోండి, మేం చూసుకుంటామని. ఎవరి పప్పులూ ఉడకలేదు. నాన్న అసలు వాదించనే లేదు, చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు. నాన్న నవ్వితే మా ఇంట్లో ఆ విషయం ముగిసిపోయినట్టే. ఆయన ఆటలోకి దిగుతాడు. దిగితే గెలవడానికే ఆడతాడు. గెలవాలంటే ఎగరాలి. ఇక ఆయన కాళ్ళు ఉంటాయో ఊడతాయో అమ్మవారికే తెలియాలి. నాకు నిజంగా భయం వేసింది.

ఎదురుగా వెళ్తే లాభం లేదని అందరికీ అర్థమైంది, నాకు మాత్రమే పక్కదారి దొరికింది. నాన్నని ఆట మానమని నేను అడగదలచుకోలేదు. ఓడిపొమ్మని అడగదలచుకున్నాను.

ఆదివారం పొద్దున్న వరండాలో నాన్న మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను టీ గ్లాసు పట్టుకుని పండితుడి కథ మొదలుపెట్టాను. మోకాలి చిప్పలు తీయించిన దగ్గరికి వచ్చేసరికి నాన్న నూనె చెయ్యి ఆగింది.

"తోటోడే తీయించేడా?"

"తోటోడే."

అమ్మ ఖర్కాయి వైపు ఒక చూపు విసిరింది. "మనకీ ఉన్నాడు గదేటి ఒకడు. ఆడి పంతం కోసవే గదా ఇన్నేళ్ళూ ఎగిరేవు."

"ఆడి మాటెందుకు" అన్నాడు నాన్న కటువుగా. "నా మోకాళ్ళు ఎవులూ తీయలేదు. నానే అరగదీసుకున్నాను. సరదాగా అరగదీసుకున్నాను. నువ్వు సెప్పమ్మా."

గుర్రాల దగ్గరికి వచ్చాను. రాజుకి మూడు గుర్రాలు, సేనాపతికి మూడు. రాజు మొదటి గుర్రం సేనాపతి మొదటి గుర్రం కంటే కొంచెం మేలు, రెండోది రెండోదాని కంటే, మూడోది మూడోదాని కంటే. వరసగా పెడితే మూడు పందాలూ పోతాయి. పండితుడేం చెప్పాడంటే, రాజు మొదటి గుర్రం మీదికి నీ మూడో గుర్రాన్ని వదులు. అది ఓడిపోతుంది, ఓడిపోనీ. రాజు రెండోదాని మీదికి నీ మొదటిది, మూడోదాని మీదికి నీ రెండోది. ఒకటి పోయి రెండు వస్తాయి.

నాన్న మిల్లులో పనిచేసిన మనిషి, లెక్క ఇట్టే పట్టేస్తాడు.

"మన జట్టులో మూడో గుర్రం ఎవుడు?" అన్నాడు.

నా నోరు పెద్దదని మా వీధంతా ఒప్పుకుంటుంది. లారీ యూనియన్ వాళ్ళతో గొంతు చించుకుని మాట్లాడగలను. ఆ ఒక్క మాట మాత్రం తప్పించుకున్నాను. మా జట్టులో మూడో ఆట నడిపేది మా వీధి చివర ఉండే ఒక లావుపాటి మనిషి, కాంట్రాక్టు పనికి వెళ్తాడు, నేను తమ్ముడు అంటాను. మనిషి బరువు గానీ సాధన మానడు. అతని పేరు చెప్పేశాను.

నాన్న నూనె గిన్నె పక్కన పెట్టాడు. "ఆడు ఈ ఏడు బాగా తేరేడు. అవుతలోళ్ళ మూడోవోడి కంటే ఆడే మేలు. నీ మేనల్లుడు ఆళ్ళ రెండోవోడిని తినేత్తాడు. మరి మూడో గుర్రం ఎవుడమ్మా?"

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నేను నాన్న మొహంలోకి చూశాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పకుండానే చెప్పినట్టయింది.

"అయితే వరస మార్చక్కర్లేదు" అన్నాడు నాన్న మెల్లగా. "పెద్దకి పెద్ద. ఎప్పట్లాగే నిలబడతాం. సూసినోడికి ఏటీ తెల్దు. నాను ఎగరకుండా ఉంటే సాలు. అదే గదా నీ సైనావోడు సెప్పింది?"

"అదే నాన్నా."

"తెలివైనోడే" అన్నాడు. గజ్జెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. నమ్మానా అంటే నమ్మలేదు. వరండాలో ఒప్పుకోవడం వేరు, అమ్మవారి ముందు డప్పులు మోగుతుంటే నిలబడడం వేరు.

సంబరం రోజు సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే మైదానం నిండిపోయింది. పసుపు నీళ్ళు, వేపమండలు, ఒక పక్క జిలేబీల మూకుడు, మైకులో తెలుగు సగం హిందీ సగం. మొదటి ఆట పెద్దలది. నాన్న మావాళ్ళ ముందు నిలబడ్డాడు, చిన్నాన్న వాళ్ళవాళ్ళ ముందు. ఆయనకీ తల నెరిసింది గానీ కాళ్ళు చక్కగా ఉన్నాయి. అమ్మ చూడలేక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను చూశాను. నా ఎత్తు ఫలిస్తుందో లేదో చూడకుండా ఎలా ఉంటాను?

నాన్న పాట ఎత్తుకున్నాడు. తప్పెట మీద ఆయన వేళ్ళు నడిచిన తీరు ఆ రోజు మరోలా ఉంది. అడుగులు చిన్నవి, నేలని వదలనివి. చేతులు మాత్రం నాకు గుర్తున్నంతలో ఏనాడూ అలా పలికించలేదు. అటు చిన్నాన్న వేగం పెంచాడు. తర్వాతి దెబ్బ ఎగరాల్సిన దెబ్బ. ఆ దెబ్బ పడగానే రెండు జట్లూ గాలిలోకి లేస్తాయి, ముందు పెద్ద లేవాలి. జనం అరిచారు. "లెగు మావా" అని ఎవరో కేకేశారు. నాన్న మోకాళ్ళు వంగాయి. నేను చూశాను, వంగాయి. ఇన్నేళ్ళ అలవాటు ఆ కాళ్ళని పైకి తోస్తోంది.

దెబ్బ పడింది. మా వరసంతా లేచింది, చిన్నాన్న మనిషెత్తు లేచాడు, నాన్న నేల మీదే ఉన్నాడు. మోకాళ్ళు మెల్లగా నిటారయ్యాయి. తప్పెట ఆగలేదు, పాట ఆగలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మళ్ళీ ఆ దెబ్బ వచ్చింది, మళ్ళీ ఆయన ఎగరలేదు. చూసేవాళ్ళలో కొందరు తల తిప్పుకున్నారు. ఊళ్ళోవాళ్ళ జాలి మా నాన్న మీద పడటం నేను మొదటిసారి చూశాను. చూడటం కష్టంగానే ఉంది. అయినా నా ఎత్తు తప్పని మాత్రం నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

తీర్పు చెప్పే పెద్దమనుషులు ఆ ఆట చిన్నాన్నదేనన్నారు. రెండో ఆట మా మేనల్లుడు ఊదిపారేశాడు. మూడో ఆటలో మా లావుపాటి తమ్ముడు చెమటలు కక్కుతూ, అవతలివాడు అలిసిపోయి అడుగు తప్పేదాకా వదల్లేదు. అమ్మవారి ముందు మొదటి ఆట మాకే మిగిలింది. పిల్లలు తమ్ముణ్ణి భుజాలకెత్తుకోబోయి బరువుకి దించేశారు. నేను గట్టిగా నవ్వాను. పండితుడి లెక్క అక్షరాలా నిలబడింది, నాన్న కాళ్ళూ నిలబడ్డాయి. ఇంతకంటే గెలుపు నాకు తెలియదు.

నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. కాస్త దూరంలో చిన్నాన్న చుట్టూ జనం. వాళ్ళ జట్టు ఓడిపోయింది, ఆయనకి ఆ ధ్యాసే లేదు. "అన్న మీద గెలిచేనురా, అన్న మీద" అని కనిపించిన ప్రతివాడికీ చెప్తున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు, మళ్ళీ చెప్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"చిన్నాన్నకి అసలు సంగతి చెప్పేసి వస్తా నాన్నా" అన్నాను.

"ఏటి సెప్తావ్?"

"నువ్వు కావాలని ఓడిపోయావని. అదంతా ముందే వేసుకున్న ఎత్తు అని."

నాన్న నా వైపు తిరిగాడు. కోపం లేదు, నవ్వూ లేదు. "మూడో గుర్రం కావాలని ఓడిపోద్దేటమ్మా? దానికున్న కాళ్ళతో అది ఉన్నంతా పరిగెడద్ది. నానూ ఉన్నంతా ఆడేను. ఆడు గెలిచేడు."

ఆ శిక్షణగదిలో ఎవరూ ఆ గుర్రం సంగతి అడగలేదు. నేనూ అడగలేదు.

నాన్న చెయ్యెత్తి పిలిచాడు. "ఒరే, ఇలా రా."

చిన్నాన్న జనాన్ని తోసుకుంటూ పరుగున వచ్చి నిలబడ్డాడు. ఏమంటాడోనని కొంచెం భయం కూడా ఉంది ఆ మొహంలో.

"ఈ గజ్జెలు ఇప్పరా" అన్నాడు నాన్న. "నాను వొంగలేకపోతన్నాను."

ఆ మాట ఆయన మాతో ఎప్పుడూ అనలేదు. చిన్నాన్న నేల మీద కూర్చుని, నాన్న పాదం తన ఒళ్ళో పెట్టుకుని, ముడి విప్పడం మొదలుపెట్టాడు.